ఫ్రేమ్ కటింగ్ మిషన్ బ్లేడ్ సాన పట్టించి తెచ్చాక మూలలు తెరుచుకుంటున్నాయి, ఎక్కడ తేడా వచ్చింది?

కొత్తఫ్రేమర్:

అందరికీ నమస్కారం. ఫోటో ఫ్రేములు కట్టడం మొదలుపెట్టి రెండేళ్లవుతోంది, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నా. కాలితో తొక్కే చాపర్ ఉంది నా దగ్గర, రెండు బ్లేడ్లు వి షేపులో కలిసి ఒకేసారి రెండు పక్కలా 45 డిగ్రీలు కోసేస్తాయి కదా అదే, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. మొదటి ఏడాది వెన్న కోసినట్టు కోసింది. తర్వాత తర్వాత బంగారు రంగు మోల్డింగులు (ఫ్రేము కట్టే పొడవాటి పట్టీలు) కోస్తుంటే అంచు దగ్గర పైన ఉన్న పొర పెళ్లలు పెళ్లలుగా లేచిపోవడం మొదలైంది, కోసిన ముఖం మీద వేలు పెడితే నూగులా తగిలేది, తొక్కేటప్పుడు బలం కూడా ఎక్కువ పెట్టాల్సి వచ్చేది.

ఇది చాలదన్నట్టు ఒకరోజు పాత ఫ్రేము ఒకటి చిన్నది చేద్దామని కోస్తుంటే లోపల పిన్ను ఉంది, నేను చూసుకోలేదు, ఎడమ బ్లేడుకి గంటు పడింది. చిన్నదే, బియ్యపు గింజలో సగం ఉంటుంది, కానీ కోసిన ప్రతి ముక్క మీదా సరిగ్గా అదే ఎత్తులో ఒక గీత. ఇక తప్పదని ఆ ఎడమ బ్లేడు ఒక్కటే విప్పి కత్తులూ రందా బ్లేడ్లూ సాన పట్టే ఒక షాపులో ఇచ్చా. కుడిది బాగానే ఉంది కదా అని దాన్ని కదపలేదు.

తిరిగొచ్చాక చూస్తే అద్దంలా మెరుస్తోంది, గంటు లేదు, చాలా సంతోషపడ్డా. మొదటి రోజు బాగానే కోసింది. పది రోజులకే మళ్ళీ మొద్దు. పైగా ఇప్పుడు కొత్త సమస్యలు, ఎడమ పక్క ముక్క అడుగున పీచు తెగకుండా వేలాడుతోంది, చేత్తో తుంచాల్సి వస్తోంది, మూలలు కలిపితే అడుగున అంటుకుంటున్నాయి కానీ పైన సన్నటి సందు కనిపిస్తోంది, ముందు ఇలా ఎప్పుడూ లేదు. ఇంకోటి, అంచు చివర ఒక అంగుళం మేర నీలం రంగు మరకలా ఉంది, తుడిస్తే పోవట్లేదు.

తప్పు నాదా, సాన పట్టినాయనదా, మిషన్‌దా అర్థం కావట్లేదు. మళ్ళీ సాన పట్టించాలా లేక కొత్త జత కొనేయాలా? పట్టిస్తే ఏమని చెప్పి ఇవ్వాలి? చేతిలో మూడు పెద్ద ఆర్డర్లు ఉన్నాయి, దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.


మూలమట్టం:

తమ్ముడూ, నువ్వు రాసింది చదువుతుంటే నేను చాపర్ కొన్న కొత్తల్లో పడ్డ తిప్పలే గుర్తొచ్చాయి. ఒక్కొక్కటిగా చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు, ఆ రెండు బ్లేడ్లు జత. ఒకటి సాన పట్టించి రెండోది వదిలేయకూడదు. సాన పట్టడం అంటే ఇనుము అరగదీయడమే కదా, గంటు పోవాలంటే ఆ గంటు లోతు దాటేదాకా అంచు మొత్తాన్ని తగ్గించాలి, అంటే నీ ఎడమ బ్లేడు ఇప్పుడు కుడిదానికంటే పొట్టిది. రెండూ ఒకే తలకి (మిషన్‌లో పైకీ కిందికీ కదిలే భాగం) బిగించి ఉంటాయి, ఒకే దూరం కిందికి దిగుతాయి, కుడిది అడుగుదాకా తెంపేసరికి ఎడమదానికి ఇంకా కొంచెం చెక్క మిగిలే ఉంటుంది. నీకు ఎడమ పక్కే పీచు వేలాడుతోంది అన్నావు చూడు, దానికి కారణం ఇదే, వేరే ఏం లేదు.

రెండోది ఆ నీలం రంగు. అది మరక కాదు తుడిస్తే పోవడానికి. గ్రైండింగ్ చక్రం దగ్గర బ్లేడు వేడెక్కితే ఉక్కు మీద రంగులు వస్తాయి, ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆ తర్వాత నీలం. నీలం వచ్చిందంటే అక్కడ దగ్గర దగ్గర 300 డిగ్రీలు తాకిందని లెక్క. మామూలు కార్బన్ ఉక్కు అయితే ఆ వేడికి దాని గట్టిదనం దిగిపోతుంది, అంచు మెత్తబడుతుంది. మెత్తబడ్డదానికీ పదును వస్తుంది, రాదని కాదు, కానీ నిలవదు. మొదటి రోజు బాగా కోసి పది రోజులకి మొద్దుబారింది అంటే అదే. బ్లేడు హై స్పీడ్ స్టీల్ అయితే చాలా వేడి తట్టుకుంటుంది కాబట్టి నీలం కనిపించినా అంత భయం లేదు, కానీ నువ్వు చెప్పే లక్షణాలు చూస్తే నీది అది కాదనిపిస్తోంది.

మూడోది మూలల్లో పైన సందు. దీనికి ఒక పని చెయ్. బ్లేడు విప్పి (చేతికి గట్టి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, పెడల్ కిందికి జారకుండా తల కింద చెక్క దిమ్మ పెట్టి అప్పుడే బోల్టులు వదులు చెయ్) చదునుగా ఉండే ముఖం మీద, అంటే ఏటవాలు లేని వైపు, స్టీల్ స్కేలు అంచుని నిలువుగా ఆనించి కిటికీ వైపు పెట్టి చూడు. స్కేలుకీ బ్లేడుకీ మధ్య ఎక్కడైనా వెలుతురు గీత కనిపిస్తుందా? ముఖ్యంగా పదును అంచు దగ్గర. చూసి ఇక్కడ చెప్పు, మిగతాది తర్వాత మాట్లాడదాం.

కొత్త జత మాత్రం అప్పుడే కొనకు. ఎప్పటికైనా రెండో జత ఒకటి ఉండాలి, అది వేరే సంగతి, కానీ ఇవి పాడైపోయాయని కొనక్కర్లేదు.


కొత్తఫ్రేమర్:

అన్నా చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే విప్పి చూశా. కుడి బ్లేడుకి స్కేలు పెడితే వెంట్రుక కూడా దూరదు, మొత్తం ఆనుకుంది. ఎడమదానికి మాత్రం కింది అంచు దగ్గర దాదాపు 4 మిల్లీమీటర్ల మేర వెలుతురు కనిపిస్తోంది, అంటే అక్కడ ముఖం చదునుగా లేదు, గుండ్రంగా లోపలికి వంగినట్టు ఉంది. ఏటవాలు వైపు గీతలు అన్నీ ఒకే దిశలో ఉన్నాయి కానీ చదును వైపు గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, బెల్టు మీద రుద్దినట్టు. నున్నగా మెరుస్తుంటే బాగా చేశాడనుకున్నా నేను.


సానరాయి:

నేను సాన పట్టే పనిలోనే ఉన్నానండి, చెక్క పని కత్తులు, రందా బ్లేడ్లు, పేపర్ కటింగ్ కత్తులు, ఫ్రేమ్ చాపర్ బ్లేడ్లు ఎక్కువగా నా చేతికి వస్తాయి. మీ రెండో పోస్టు చూశాక నిజంగా బాధేసింది, ఎందుకంటే మెరుపు కోసం చదును ముఖాన్ని బెల్టుకి పెట్టడం మా పనిలో చాలామంది చేసే తప్పు, వంటింటి కత్తికి అది నడుస్తుంది, ఫ్రేమ్ బ్లేడుకి ప్రాణం తీసేస్తుంది.

ఎందుకో చెప్తాను. చాపర్ బ్లేడుకి రెండు ముఖాలు. ఏటవాలు ముఖం వి లోపలి వైపు, పారేసే ముక్క వైపు ఉంటుంది. చదును ముఖం మీరు ఉంచుకునే మోల్డింగ్ వైపు ఉంటుంది. ఉలి చెక్కలోకి దిగినప్పుడు చూడండి, చదును వైపు గోడ నిటారుగా వస్తుంది, వాలు వైపు చెక్క నలుగుతుంది, ఇదీ అంతే. అంటే మీ మైటర్ ముఖం (మూల కలపడానికి 45 డిగ్రీలు కోసిన ముఖం) ఎలా వస్తుందో నిర్ణయించేది ఆ చదును ముఖమే. అది చివరి 4 మిల్లీమీటర్లు గుండ్రమైతే బ్లేడు నేరుగా దిగదు, ఒక పక్కకి లాగుతుంది, కోసిన ముఖం నిలువుగా రాదు, వాలుగా వస్తుంది. రెండు వాలు ముఖాలు కలిపితే ఒక వైపు అంటుకుని ఇంకో వైపు తెరుచుకుంటాయి. మీకు వస్తున్న సందు అదే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, ముందు వైపు రెండు బ్లేడ్లు కలిసే చోట నిలువు అంచు ఉంటుంది కదా, ముక్కు అంటాం మేము, చదును ముఖం అరిగిపోతే బ్లేడు మందం తగ్గుతుంది, ముక్కు దగ్గర సందు వస్తుంది, ఆ సందులో సన్నటి చెక్క పుల్ల తెగకుండా మిగిలిపోతుంది. మీకు ఇంకా అక్కడిదాకా రాలేదు కాబట్టి పర్లేదు.

దీన్ని బాగుచేయొచ్చు. మార్గం ఏంటంటే చదును ముఖాన్ని అసలు ముట్టుకోకుండా, ఏటవాలు వైపు నుంచే గ్రైండ్ చేసుకుంటూ ఆ గుండ్రమైన భాగం మొత్తం పోయేదాకా అంచుని వెనక్కి తేవాలి. మీ విషయంలో 4 మిల్లీమీటర్లు పైనే పోతుంది. నీలం పడ్డ భాగం కూడా చాలావరకు అందులోనే పోతుంది, ఆ లెక్కన ఒక దెబ్బకి రెండూ అయిపోతాయి. తర్వాత కుడి బ్లేడుని కూడా సరిగ్గా ఎడమదానికి సమానమయ్యేదాకా తగ్గించాలి. మంచి బ్లేడుని ఎందుకు అంత అరగదీయడం అని మనసు ఒప్పుకోదు, నాకూ ఒప్పుకోదు, కానీ ఎత్తులు కలవకపోతే ఎంత పదును పెట్టినా లాభం లేదు. మా దగ్గర అయితే రెండిటినీ పక్కపక్కన ఒకే మ్యాగ్నెట్ టేబుల్ మీద ఒకే కోణంలో పెట్టి ఒకే పాస్‌లో గ్రైండ్ చేస్తాం, అప్పుడు తేడా వచ్చే అవకాశమే ఉండదు.

ఎవరికైనా ఇచ్చే ముందు మూడు విషయాలు అడగండి. కూలెంట్ నీళ్లు పారుతూ ఉండగా గ్రైండ్ చేస్తారా, పొడిగానా? పొడిగా అంటే వద్దు. బ్లేడుని బిగించే ఫిక్చర్ ఉందా, చేత్తో పట్టుకుని పెడతారా? చేత్తో అంటే అస్సలు వద్దు. చాపర్ బ్లేడ్లు ఇంతకుముందు చేశారా? చేయకపోయినా పర్లేదు, చెప్తే వినే మనిషైతే చాలు. వాలు కోణం కంపెనీ ఎంత పెట్టిందో అంతే ఉంచమని గట్టిగా చెప్పండి, కొంతమంది పదును బాగా తెగాలని వాలుని సన్నం చేసేస్తారు, అప్పుడు గట్టి చెక్క తగలగానే అంచు పెళుసుగా రాలిపోతుంది.

మీరు ఇచ్చేటప్పుడు తెల్ల కాగితం మీద రెండు బ్లేడ్ల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి, బోల్టు రంధ్రాలతో సహా. తిరిగొచ్చాక అదే కాగితం మీద రంధ్రాలు కలిపి పెట్టి చూస్తే ఎంత తగ్గింది, అంచు మొదటిలాగే అదే ఏటవాలుగా ఉందా, రెండూ ఇప్పుడు సమానంగా ఉన్నాయా అన్నీ కళ్ళకి కనిపిస్తాయి. చదును ముఖం మీద మార్కర్‌తో "ఈ వైపు ముట్టుకోవద్దు" అని రాసి పంపండి. నాకు అలా రాసి పంపేవాళ్ళంటే గౌరవం, పని తెలిసినవాళ్ళ బ్లేడు అని ఇంకా జాగ్రత్తగా చేస్తాను.


మూలమట్టం:

సానరాయి గారు చెప్పినదానికి నేను కలపాల్సింది పెద్దగా లేదు, కాగితం మీద గీసుకునే పద్ధతి నేనూ ఈరోజే నేర్చుకున్నా.

తమ్ముడూ, ప్యాకింగ్ గురించి ఒక మాట. బ్లేడ్లు రెండూ ఒకదానికొకటి తగలకూడదు. నేను చిన్న చెక్క పెట్టె చేసుకున్నా, లోపల అడుగున ఒక పట్టీ, దానికి రెండు రంధ్రాలు, బ్లేడుని దాని సొంత బోల్టు రంధ్రాల ద్వారా ఆ పట్టీకి బిగించేస్తా, అంచు గాల్లోనే ఉంటుంది, దేనికీ తగలదు. గుడ్డలో చుట్టి పంపితే దారిలో గుడ్డ తెగిపోయి రెండూ కొట్టుకుంటాయి, సాన పట్టినదంతా వృథా. తిరిగొచ్చినప్పుడు తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది, బిగించే ముందు శుభ్రంగా తుడువు, ఆ తర్వాత పనికిరాని చెక్క ముక్కలు ఒక అయిదారు కోసి అప్పుడు అసలు మోల్డింగ్ పెట్టు. నూనె అంటిన మైటర్‌కి జిగురు పట్టదు, మూల కొన్నాళ్ళకి ఊడి వస్తుంది.

ఇక సాన పట్టించే వేళ అయిందా లేదా ఎలా తెలుసుకోవాలో చెప్తా, ఎందుకంటే మూల కలవకపోతే ప్రతిసారీ బ్లేడునే తిట్టేవాళ్ళని చాలామందిని చూశా. కోసిన ముఖం చూడు. ముఖం నలిగినట్టు, నూగులా, పీచు పీకినట్టు ఉంటే అది పదును సమస్య. ముఖం గాజులా నున్నగా ఉండి కూడా మూల కలవట్లేదంటే అది కోణం సమస్య, దానికి సాన పట్టించి లాభం లేదు, గైడు (కోసేటప్పుడు మోల్డింగ్ ఆనించే పట్టీ) చూసుకోవాలి. ఒక ఫ్రేముకి 8 కోతలు. కోతకి పావు డిగ్రీ తేడా వచ్చినా మూడు మూలలు ఎలాగోలా కలిపేస్తావు, నాలుగో మూల దగ్గరికి వచ్చేసరికి మొత్తం 2 డిగ్రీలు పోగై అక్కడ నోరు తెరుస్తుంది. 50 మిల్లీమీటర్ల వెడల్పు మోల్డింగ్‌లో ఒక మూలకి అర డిగ్రీ తేడా ఉంటే చివర 0.6 మిల్లీమీటర్ల సందు వస్తుంది, గోరు దూరేంత. అందుకే డిజైన్ ఉన్న మోల్డింగ్ మీద కాకుండా సాదా చదును పట్టీ తీసుకుని రెండు ముక్కలు కోసి కలిపి మూలమట్టం (నా పేరు కాదు, 90 డిగ్రీలు చూసే పనిముట్టు) లోపల పెట్టి చూడాలి. మోల్డింగ్ కర్రే మెలితిరిగి ఉంటే ఏ బ్లేడూ ఏమీ చేయలేదు, అది ముందే ఒక కన్ను మూసి బారుగా చూసుకోవాలి.

పదును చూడ్డానికి వేలు పెట్టకు. బ్లేడు అంచుని లైటు కింద పెట్టి నెమ్మదిగా అటూ ఇటూ తిప్పు. పదునున్న అంచు కనిపించదు, వెలుతురు నిలవడానికి అక్కడ చోటే ఉండదు. మొద్దుబారిన చోట వెండి తీగలాగా సన్నటి గీత మెరుస్తుంది. గంటు పడ్డ చోట చుక్క మెరుస్తుంది. నేను వారానికోసారి పొద్దున్నే మిషన్ దగ్గర కూర్చుని ఇది చూస్తా, అయిదు నిమిషాల పని.


రంపంపళ్ళు:

నాది చాపర్ కాదు, మైటర్ రంపం మీద కోస్తాను, అయినా ఇదే బాధ కాబట్టి రాస్తున్నా, రంపం వాడేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే పనికొస్తుంది.

కార్బైడ్ (ఉక్కు కంటే చాలా గట్టి పదార్థం) పళ్ళు ఉన్న బ్లేడ్లు వాడేవాళ్ళు దయచేసి మామూలు గ్రైండింగ్ చక్రం ఉన్న షాపులో ఇవ్వకండి, కార్బైడ్‌కి డైమండ్ చక్రమే కావాలి, మామూలు చక్రం దాని మీద సరిగ్గా పని చేయదు, పన్ను అంచు చెడగొట్టి ఇస్తారు. నేను 10 అంగుళాల 80 పళ్ళ బ్లేడు వాడతా, ఫ్రేము పనికి పళ్ళు ఎక్కువుంటేనే కోత నున్నగా వస్తుంది. సాన పట్టించే ముందు ఒకసారి కడిగి చూడండి, నిజంగా చెప్తున్నా, చాలాసార్లు పదును పోలేదు, జిగురు పట్టింది అంతే. చెక్కలో ఉండే బంక, మోల్డింగ్ మీద పూత, చెక్క పొడి అదిమి చేసే ఎండీఎఫ్‌లో ఉండే రెసిన్ అన్నీ వేడికి పన్ను పక్కన నల్లగా పేరుకుంటాయి, అప్పుడు బ్లేడు కోయదు రుద్దుతుంది, చెక్క కాలిన వాసన వస్తుంది. ప్లగ్ తీసేసి బ్లేడు విప్పి సబ్బు నీళ్ళలో కాసేపు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో పన్ను పన్నూ తోమి వెంటనే పొడిగా తుడిస్తే సగం బ్లేడ్లు మళ్ళీ కొత్తవాటిలా కోస్తాయి.

కడిగినా కోయకపోతే అప్పుడు ఇవ్వాలి. ఒక పన్ను ఊడిపోతే కొత్తది అతికించి మిగతావాటి ఎత్తుకి కలిపి గ్రైండ్ చేస్తారు, అది మామూలే, బ్లేడు పారేయక్కర్లేదు. పళ్ళ ఆకారం ఏదో చెప్పి ఇవ్వండి, ఒకటి ఎడమకి ఒకటి కుడికి వాలి ఉండేవి వేరు, పైన చదునుగా మూలలు చెక్కి ఉండేవి వేరు, అల్యూమినియం ఫ్రేములు కోసేవాళ్ళు రెండో రకం వాడతారు, దాన్ని మొదటి రకంగా మార్చేస్తే మళ్ళీ గోల. రెండు బ్లేడ్లు ఒకేసారి కోసే డబుల్ మైటర్ రంపం ఉన్నవాళ్ళు మాత్రం పైన సానరాయి గారు చెప్పినట్టే రెండూ కలిపి ఇవ్వాలి, ఒకదాని చుట్టుకొలత తగ్గి ఇంకోదానిది తగ్గకపోతే కోత కలిసే చోట తేడా వస్తుంది.


అద్దంఅట్ట:

చిన్న డౌట్ అండి, మౌంట్ బోర్డు (ఫోటో చుట్టూ పెట్టే మందపాటి అట్ట) కోసే చిన్న బ్లేడ్లు కూడా సాన పట్టించొచ్చా? డబ్బాలో వాడేసినవి వంద దాకా పోగయ్యాయి, పారేయాలంటే మనసు రావట్లేదు.


మూలమట్టం:

వద్దు బ్రదర్. అవి రేకు లాంటివి, వాడి పారేయడానికే చేస్తారు. వాటి మొన చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లే పని చేస్తుంది, అక్కడ కొంచెం మొద్దైనా ఫోటో కనిపించడానికి కోసే కిటికీ మూల దగ్గర బోర్డు పేపర్ చిరిగి నూగు వస్తుంది, అదే మొనని సాన పట్టబోతే పొడవు మారిపోయి మూలలు దాటి కోస్తుంది లేదా తక్కువ కోస్తుంది. చెడిపోయిన బోర్డు ఒక్కటి చాలు పది బ్లేడ్ల కంటే ఎక్కువ నష్టం. రెండంచులవి అయితే తిప్పి వాడు, తర్వాత మూత గట్టిగా ఉన్న రేకు డబ్బాలో వేసి పారెయ్, చెత్త ఎత్తేవాళ్ళ చేతులు తెగకుండా.


కొత్తఫ్రేమర్:

మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకున్నా. ఇంకో ప్రశ్న, సాన పట్టించడాల మధ్యలో ఇంట్లో రాయి మీద కొంచెం నూరుకోవచ్చా? అసలు పదును ఎక్కువ రోజులు నిలవాలంటే నేను కోసే పద్ధతిలో ఏమైనా మార్చుకోవాలా?


సానరాయి:

ఇంట్లో నూరడం అంటే, చాలా నున్నటి చిన్న రాయి ఉంటే అంచుకి అవతల వైపు వాలిన సన్నటి ఇనుప పొరని తీయడం వరకే. రాయిని చదును ముఖానికి పూర్తిగా ఆనించి, కొంచెం కూడా పైకి లేపకుండా, ఒకటి రెండు సార్లు లాగితే చాలు. రాయి ఒక వెంట్రుకంత లేచినా మళ్ళీ ఆ గుండ్రం తయారవుతుంది. చెయ్యి మీద నమ్మకం లేకపోతే అసలు ముట్టుకోవద్దు. గంటు పడితే మాత్రం ఇంట్లో ప్రయత్నించొద్దు, ఆ ఒక్క చోటే రుద్ది పల్లం చేసి పంపుతారు కొందరు, అప్పుడు మేము మొత్తం అంచుని ఆ పల్లం దాకా దించాల్సి వస్తుంది, ఉక్కు అనవసరంగా పోతుంది.

మీరు కోసే పద్ధతి గురించి, నా దగ్గరికొచ్చే బ్లేడ్లు చూస్తే యజమాని ఎలా కోస్తాడో తెలిసిపోతుంది. ఒకే దెబ్బకి మొత్తం కోసేవాళ్ళ బ్లేడ్ల అంచు చిన్న చిన్న పెళ్లలుగా రాలి ఉంటుంది. చాపర్‌లో మోల్డింగ్‌ని కొంచెం కొంచెంగా లోపలికి జరుపుతూ మూడు నాలుగు సార్లు కొరకాలి, చివరి కోత బియ్యపు గింజ మందం కంటే తక్కువ ఉండాలి, మైటర్ ముఖం నున్నగా వచ్చేది ఆ చివరి కోతలోనే. గట్టి చెక్క అయితే ఇంకా ఎక్కువసార్లు. మోల్డింగ్ రిబేటు (అద్దం కూర్చునే లోపలి మెట్టు) కింద ఆసరా పట్టీ సరిగ్గా పెట్టకపోతే బ్లేడు కిందికి తొక్కినప్పుడు ఆ పెదవి గాల్లో వంగి పగులుతుంది, చాలామంది దాన్ని పదును లేదనుకుంటారు.

బంగారు, వెండి పూత మోల్డింగుల కింద సుద్ద పొర ఉంటుంది, సుద్ద అంటే రాతి పొడే, సాన రాయి మీద రుద్దినట్టే లెక్క, ఉత్త చెక్క కంటే చాలా త్వరగా అంచుని తినేస్తుంది. ఎండీఎఫ్ కూడా అంతే. వీలైతే రెండు జతలు పెట్టుకోండి, ఒకటి సుద్ద మోల్డింగులకీ ఎండీఎఫ్‌కీ, ఇంకోటి సాదా చెక్కకి. ఒక జత నా లాంటి వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు పని కూడా ఆగదు. తొందర ఉంది రేపటికి కావాలి అన్న బ్లేడు మీదే ఎప్పుడూ తప్పు జరుగుతుంది, చక్రం గట్టిగా నొక్కితే నీలం వస్తుంది, ప్రతి పాస్‌కీ చాలా కొంచెమే తీయాలి, దానికి టైం పడుతుంది. పాత ఫ్రేములు కోసే ముందు ఒక అయస్కాంతం ముక్క వెనక వైపు అంతా జరపండి, పిన్నులు, స్టేపుల్స్ ఉంటే పట్టేస్తుంది.


కొత్తఫ్రేమర్:

మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి క్షమించండి.

కొంచెం దూరమైనా చెక్క పని మిషన్ల కత్తులు చేసే ఇంకో చోటికి రెండు బ్లేడ్లూ తీసుకెళ్ళా. పాత షాపాయన మీద నాకు కోపం ఏం లేదు, ఆయనకి ఇది ఏ మిషన్‌దో తెలీదు, నేనూ చెప్పలేదు. ఈసారి మూడు ప్రశ్నలూ అడిగా. పెద్దాయన ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి తీసుకెళ్ళి గ్రైండర్ చూపించాడు, నీళ్లు పాలలాగా తెల్లగా పారుతున్నాయి, ఫిక్చర్ కూడా ఉంది. చదును ముఖం మీద నేను రాసింది చదివి "సరే" అన్నాడు అంతే.

తిరిగొచ్చాక కాగితం మీద పెట్టి చూశా, ఎడమది 5 మిల్లీమీటర్లు తగ్గింది, ముందు గంటు తీసినప్పుడు పోయినదానితో కలిపి రెండూ ఇప్పుడు సమానం. స్కేలు పెడితే వెలుతురు లేదు. నీలం లేదు. లైటు కింద తిప్పితే అంచు నిజంగానే కనిపించలేదు అన్నా, అక్కడ ఇనుము అయిపోయి గాలి మొదలైనట్టు ఉంది, చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయా.

బిగించాక మొదటి కోతలో రెండు పక్కలా పీచు మిగిలింది, భయపడ్డా, తర్వాత గుర్తొచ్చింది రెండూ పొట్టివయ్యాయి కదా. తల ఎంత కిందికి దిగాలో సెట్ చేసే స్టాపు కొంచెం దించితే రెండు పక్కలా శుభ్రంగా తెగింది. సాదా పట్టీ కోసి మూలమట్టంలో పెడితే మూడు మూలలు బ్రహ్మాండంగా వచ్చాయి, నాలుగోదాంట్లో మాత్రం లోపలి వైపు చిన్న సందు. కోసిన ముఖం గాజులా ఉంది కాబట్టి మూలమట్టం అన్న చెప్పినట్టు గైడు వైపు చూశా, కుడి గైడు వెనక పాత సుద్ద పొడి గట్టిగా పేరుకుని దాన్ని ఒక కాగితమంత ముందుకి తోసింది. గీకి తీసేసి మళ్ళీ బిగించా. ఇప్పుడు నాలుగూ కలిశాయి, జిగురు పెట్టకుండా చేతుల్లో పట్టుకుని పైకి ఎత్తి చూసినా వెలుతురు కనిపించట్లేదు.

మూడు ఆర్డర్లలో రెండు ఇచ్చేశా. రెండో జత బ్లేడ్లకి చెప్పా, అవి వచ్చేలోపు బోల్టుకి బిగించే ఆ చెక్క పెట్టె చేసుకుందామని ఈ రాత్రి కూర్చుంటున్నా. మూలమట్టం అన్నా, అడుగు పట్టీకి ఏ చెక్క వాడావో, బోల్టుల కింద వాషర్లు వేశావో లేదో కొంచెం చెప్పు.


మూలమట్టం:

మామూలు టేకు ముక్క, 20 మిల్లీమీటర్ల మందం. వాషర్లు వెయ్, లేకపోతే రెండు మూడు సార్లకే రంధ్రం లూజై బ్లేడు కదులుతుంది. పెట్టె మూత మీద ఏ తేదీన సాన పట్టించావో పెన్సిల్‌తో రాసుకుంటూ ఉండు.